తుపాను జాగ్రత్తల్లో డయాలసిస్ ఇళ్ళను కూడా చేర్చండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

వినాయక చవితి వెళ్ళింది. దసరా దగ్గరకొస్తోంది. శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో ఈ రోజుల్లో ఏ ఇద్దరు కలిసినా ముందు వాయుగుండం సంగతే మాట్లాడుకుంటారు. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ మళ్ళీ అక్టోబరు 12నే, 2018లో తిత్లీ అక్టోబరు 11న. తారీఖులు ఇలా వరసగా పడ్డాక అక్టోబరు రెండో వారం వస్తోందంటే మాకు గుండె దడే. 2021లో గులాబ్ అయితే అప్పటిదాకా కూడా ఆగకుండా సెప్టెంబరు 26నే కళింగపట్నానికి పైన తీరం దాటింది.

నాది సోంపేట మండలంలో ఒక పల్లెటూరు. చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాను. పొద్దున్నే మీ పత్రిక వస్తుంది. చదువు రాని పెద్దవాళ్ళకి నేనే చదివి వినిపిస్తాను. ఏటా ఈ రోజుల్లో మీరు తుపాను జాగ్రత్తలు వేస్తారు. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి, ఫోన్లు ఛార్జింగ్ చేసుకోండి, తాగునీరు పట్టి ఉంచుకోండి, పశువుల పలుపులు విప్పండి, గ్యాసు రెగ్యులేటరు కట్టేయండి అని. అన్నీ పనికొచ్చే మాటలే. కానీ వాటిలో మా ఇంటి లాంటి ఇల్లు ఎక్కడా కనబడదు. మా ఆయన కిడ్నీలు పనిచెయ్యక వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి, అంటే మెషీనుతో రక్తం శుద్ధి చేయించుకోవడానికి, వెళ్తారు. మా వీధిలోనే ఇంకా అలాంటి ఇళ్ళు ఉన్నాయి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ రోగం లేని ఊరు వెతికినా దొరకదు. ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా ఇదీ కారణం అని తేలలేదు. అలాంటి ప్రాంతం మీదికే తుపాన్లూ వస్తున్నాయి. ఈ రెండూ ఒకే ఇంట్లో కలిస్తే ఏమవుతుందో తిత్లీలో మేం చూశాం. ఈ సంవత్సరం మీరు వేసే జాగ్రత్తల్లో ఈ ఇళ్ళకి కూడా కొంత చోటివ్వండని అడగడానికే ఈ ఉత్తరం.

తిత్లీ నాటికి డయాలసిస్ మీద ఉన్నది మా మావగారు. సోమవారం, గురువారం ఆయన షిఫ్టు. అక్టోబరు 8, సోమవారం ఆయన డయాలసిస్ చేయించుకుని వచ్చిన రోజునే సముద్రంలో వాయుగుండం పడింది. గురువారం తెల్లవారుజామున అది అతి తీవ్ర తుపానుగా పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి, మధ్యలో 165 దాకా కూడా వీచిందని తర్వాత పేపర్లో చదివాం. ఆ రాత్రి మాకు లెక్కలు తెలీవు. హోరు, విరిగిన కొమ్మల చప్పుడు, వెనక వసారా రేకులు లేచిపోయిన చప్పుడు, అంతే. తెల్లారి తలుపు తీస్తే తోట లేదు. కొబ్బరి చెట్లు మొదలంటా పడిపోయి ఉన్నాయి. తాతల నాటి జీడిచెట్లు వేళ్ళు పైకి లేచి ఉన్నాయి. మా ఊరి నుంచి హైవే దాకా ఉన్న దారి మొత్తం చెట్ల కిందే ఉంది. కరెంటు లేదు, ఫోను లేదు. మావగారి షిఫ్టు ఆ రోజే.

ఆ పూట గడిచింది, ఆ మర్నాడూ గడిచింది. దారి తెరుచుకోలేదు. కరెంటు లేక మోటార్లు ఆడలేదు, మంచినీళ్ళకి కటకట. నేల మీద మాత్రం ఎటు చూసినా కొబ్బరికాయలే. ఊరంతా బొండాలు కొట్టుకుని తాగారు. పిల్లలకి అవే, ముసలివాళ్ళకి అవే. పక్కింటి అబ్బాయి ఎంతో ప్రేమగా, “మావా, బొండాం నీళ్ళు తాగు, నీరసం పోద్ది” అని మావగారికి కొట్టిచ్చాడు. మామూలు మనిషికైతే అంతకంటే మంచి నీళ్ళు లేవు. డయాలసిస్ మనిషికి అవి ప్రాణం తీసే నీళ్ళు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు పనిచేస్తున్నవాళ్ళకి అది మూత్రంలో పోతుంది. పనిచెయ్యని వాళ్ళకి మెషీను మీద పడుకుంటే తప్ప పోదు, రక్తంలోనే పేరుకుంటుంది. పేరుకుంటే గుండె కొట్టుకునే తీరు దెబ్బతింటుంది. ఈ మాట మా ఊళ్ళో ఆ రోజు తెలిసినవాళ్ళు లేరు. మా చేతికొచ్చిన ఏ కరపత్రంలోనూ లేదు, మైకులో చెప్పినవాళ్ళూ లేరు.

మావగారికి కాళ్ళలో బలం పోయింది, ఆయాసం మొదలైంది, వెల్లకిలా పడుకోలేకపోయారు. ఊరి కుర్రాళ్ళు ఆయన్ని మంచం మీదకెత్తి, పడిపోయిన మానులు ఒక్కొక్కటీ దాటించుకుంటూ హైవే దాకా మోశారు. అక్కడ ఒక లారీ ఆయన ఎక్కించుకుని శ్రీకాకుళం చేర్చాడు. పొటాషియం బాగా పెరిగింది, ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని డాక్టరు గారు చెప్పారు. ఆయన బతికి ఇంటికొచ్చారు. తర్వాత కొన్నాళ్ళకి అదే రోగంతో పోయారు. ఇప్పుడు అదే రోగం మా ఆయనకి. అందుకే తిత్లీ తర్వాత డాక్టర్లనీ నర్సులనీ అడిగి తెలుసుకున్నదంతా మా ఇంట్లో ఆచరణలో పెట్టాను. అది మా ఒక్క ఇంట్లో ఉండిపోకూడదనిపిస్తోంది.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది షిఫ్టుని ముందుకి జరుపుకోవడం. వాతావరణ శాఖ తుపాను కబురు మెట్లు మెట్లుగా చెబుతుంది. దాదాపు 72 గంటల ముందు మొదటి సూచన, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు హెచ్చరిక. ఊళ్ళో అందరూ కదిలేది ఆఖరి మెట్టు దగ్గర, లేకపోతే కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని తెలిశాక. డయాలసిస్ ఇల్లు మొదటి మెట్టు దగ్గరే కదలాలి. వాయుగుండం అనే మాట టీవీలో వినబడగానే నేను మేం వెళ్ళే డయాలసిస్ కేంద్రానికి ఫోను చేసి, మా ఆయన షిఫ్టు తుపాను తీరం దాటే రోజుకి ముందురోజున పడేలా మార్చమని అడుగుతాను. వారంలో మూడు షిఫ్టులవాళ్ళకి కొంచెం వెసులుబాటు ఉంటుంది. మాలా రెండే షిఫ్టులవాళ్ళకి ఒకటి తప్పిందంటే వారం మొత్తం తప్పినట్టే. కుదిరితే హెచ్చరిక వచ్చేలోగానే కేంద్రానికి దగ్గరలో చుట్టాలింటికి మారిపోవాలి. మేం ఇప్పుడు పలాసలో మా ఆడపడుచు ఇంటికి వెళ్తున్నాం. 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో అక్కడ ప్రారంభమైంది కాబట్టి మాలాంటివాళ్ళకి కొంత ధైర్యం వచ్చింది. కానీ మహేంద్రతనయ నది పొంగి, హైవే మీద చెట్లు పడ్డాక ఆ ఆసుపత్రి ఎంత పెద్దదైనా మాకు అందదు. ముందే దాని దగ్గరికి మేం చేరాలి.

వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళే కవరులో ఆధార్, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డులతో పాటు డయాలసిస్ కాగితాలు ఉండాలి. మనం ఎప్పుడూ వెళ్ళే కేంద్రం మూతపడితే కొత్త కేంద్రంవాళ్ళు హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ రిపోర్టులు చూడందే మెషీను ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా, పక్క రోగికి ప్రమాదం. మనిషి డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) ఎంత, వాడే మందులేమిటి, ఏ మందు పడదు, రక్తం గ్రూపు ఏమిటి, ఇవన్నీ ఒకే కాగితం మీద రాసి ఉంటే అక్కడి డాక్టరుకి వెతుకులాట తప్పుతుంది. ఫోను నంబర్లు కూడా కాగితం మీదే రాసుకోవాలి. తిత్లీలో ఫోన్లు ఆరిపోయాక సొంత చెల్లెలి నంబరు కూడా నాకు గుర్తు రాలేదు.

ఇంక తిండి సంగతి. ఇక్కడే ఎక్కువ చెప్పాలి. షెల్టరులోనూ, సాయానికి వచ్చిన బళ్ళలోనూ అందరికీ ఇచ్చేది పులిహోర పొట్లం. చెడిపోదని అదే వండుతారు, వండినవాళ్ళకి దండం పెట్టాలి. కానీ చింతపండులో పొటాషియం ఉంది, పులిహోరలో ఉప్పు ఎక్కువ, వేరుశనగలు వేరే. ఉప్పు తింటే దాహం, దాహమైతే నీళ్ళు, నీళ్ళు తాగితే ఊపిరితిత్తుల్లోకి నీరు. అరటిపళ్ళు పంచుతారు, అవీ వద్దు. సరుకులుగా ఇచ్చే కందిపప్పు, బంగాళాదుంపలు కూడా వీళ్ళకి జాగ్రత్తగా వాడాల్సినవే. మా తోటల్లో చేతికందే జీడిపప్పు, పనసతొనలూ అంతే. బంగాళాదుంప తప్పదంటే సన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వాడుకోవాలి. మా ఇంట్లో తుపాను రోజుల కోసం ఒక డబ్బా వేరే పెట్టాను. అందులో ఉప్పు లేని మరమరాలు, బియ్యపు రవ్వ, పంచదార ఉంటాయి. గుడ్లు విడిగా ఉంచుతాను, తెల్లసొన మాత్రం పెడతాను. కిరసనాయిలు స్టవ్వు లేనివాళ్ళు గ్యాసు అయిపోతే ఏం చేస్తారో ముందే ఆలోచించుకోవాలి.

మంచినీళ్ళకి ఊరంతా తపించే రోజుల్లో వీళ్ళకి అవి ఉన్నా తాగకూడని పరిస్థితి. షిఫ్టు తప్పితే రోజుకి అర లీటరు దాటొద్దని డాక్టరు గారు మా ఆయనకి చెప్పారు. మీ మనిషికి ఎంతో మీ డాక్టరునే అడగండి, ఒక్కొక్కరికి ఒక్కో లెక్క. నేను పొద్దున్నే ఆ నీళ్ళు ఒక సీసాలో పోసి పెడతాను, కాఫీ, మజ్జిగ, మందు మింగే గుక్క అన్నీ అందులోంచే. చిన్న గ్లాసు వాడతాం. నోరు ఎండితే పుక్కిలించి ఉమ్మేస్తారు. బ్యాటరీ అవసరం లేని ముల్లు కాటా ఒకటి కొన్నాం, రోజూ బరువు చూస్తాం. బరువు గబగబా పెరుగుతోందంటే ఒంట్లో నీరు చేరుతోందన్నమాట. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా బయల్దేరాలి.

చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్నవాళ్ళని ఇంటి పనుల్లోకి దించకండి. గాలి తగ్గగానే మగవాళ్ళందరూ గొడ్డళ్ళు పట్టుకుని చెట్లు నరకడానికి పోతారు, మా ఆయనకీ కాలు నిలవదు. ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు, ఆ చేతికి తాడు చుట్టకూడదు, గాజులు కూడా బిగుతుగా ఉండకూడదు. కొమ్మ గీరుకుని రక్తం ధార కడితే శుభ్రమైన గుడ్డతో వేలితో గట్టిగా అదిమిపట్టి ఆసుపత్రికి పోవాలి. మెడకి కాథెటర్ (డయాలసిస్ గొట్టం) ఉన్నవాళ్ళయితే అది వాన నీళ్ళకి తడవకూడదు. ప్లాస్టిక్ కవరు, టేపు దగ్గర ఉంచుకోవాలి.

ఇంకో ముఖ్యమైన మాట, ఇది డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగులకి మరీ ముఖ్యం. తుపాను తర్వాత నడుములు పడిపోయేలా పనిచేసి, మా కొట్టుకొచ్చి “నొప్పుల బిళ్ళ ఇవ్వమ్మా” అని అడుగుతారు. నేను ఇవ్వను. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి బిళ్ళలు మిగిలి ఉన్న కాస్త కిడ్నీని కూడా దెబ్బతీస్తాయి. ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో తెలిపే రక్తపు లెక్క) ఎంతుందో పరీక్ష చేయించుకోనివాళ్ళు ఇంకా ఎందరో ఉన్నారు. నొప్పికి ఏం వాడాలో ఏఎన్‌ఎంనో డాక్టరునో అడిగి వాడాలి. అలాగే వరద నీళ్ళలో ఉత్త కాళ్ళతో తిరగొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం కిడ్నీల మీదికే పోతుంది. పుండ్లు, పగుళ్ళు ఉన్న కాళ్ళయితే మరీ సులువుగా సోకుతుంది.

ఇల్లు గురించి అందరికీ తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వసారా రేకులకి హుక్కులు తుప్పు పట్టాయేమో సెప్టెంబరులోనే చూసుకోవాలి. ఇంటిని ఆనుకుని ఉన్న కొబ్బరిచెట్ల ఎండుమట్టలు, ముదురు గెలలు దింపించాలి, ఆ గాలిలో ఒక్క కాయ వచ్చి తగిలినా తల పగులుతుంది. నుయ్యి ఉన్నవాళ్ళు బకెట్టు, చేంతాడు సిద్ధంగా పెట్టుకోవాలి. మోటార్లు వచ్చాక చేంతాడు లేని ఇళ్ళే ఎక్కువయ్యాయి, తిత్లీలో ఊరంతా ఒకటి రెండు తాళ్ళ మీద బతికాం. చెట్లు కొయ్యడానికి పెట్రోలు రంపం ఊరికి ఒకటైనా ఉంటే, దాన్ని మొదట డయాలసిస్ ఇంటి దారి మీద వాడాలని కుర్రాళ్ళు ముందే అనుకుంటే చాలా ప్రాణాలు నిలుస్తాయి. వంశధార, నాగావళి ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళకి ఇంకో ప్రమాదం ఉంది. గాలి ఆగింది కదా అని ఊపిరి పీల్చుకునే వేళకి ఒడిశా కొండల్లో కురిసిన వాన ఏరై దిగుతుంది. ఆ ఊళ్ళలోని రోగులు గాలి ఆగాక ఇంటికి తిరిగి రావడానికి తొందరపడకూడదు.

అధికారులకి కూడా మీ పత్రిక ద్వారా కొన్ని విన్నపాలు. డయాలసిస్ రోగులెవరో కొత్తగా సర్వే చెయ్యనక్కరలేదు. ప్రభుత్వం వాళ్ళకి నెలనెలా పింఛను ఇస్తోంది. ఎవరు, ఏ ఊరు, ఏ ఇల్లు అన్నది గ్రామ సచివాలయంలో జాబితాగా ఉంది. తుపాను వస్తోందంటే ప్రసవం దగ్గరపడ్డ గర్భిణుల్ని ముందే ఆసుపత్రులకి తరలిస్తున్నారు. అది ఎంతో గొప్ప పని, ఎన్ని కాన్పులు క్షేమంగా జరిగాయో! అదే బండి, అదే పద్ధతి డయాలసిస్ రోగులకి కూడా పెట్టండి. ఆ జాబితా తహసీల్దారు చేతిలోనూ, ఆశా కార్యకర్త చేతిలోనూ తుపానుకి ముందే ఉండాలి.

కేంద్రాల సంగతి కూడా చూడాలి. ఒక్క మనిషికి నాలుగు గంటల డయాలసిస్‌కి 120 లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్ళు కావాలి, వాటిని శుద్ధి చెయ్యడానికి అంతకంటే ఎక్కువ మామూలు నీళ్ళు కావాలి. కరెంటు పోతే మెషీనూ ఆగుతుంది, నీళ్ళ ప్లాంటూ ఆగుతుంది. జనరేటరు ఉండటం ఒక్కటే చాలదు, రోడ్లు తెరుచుకునేదాకా సరిపడా డీజిలు నిల్వ ఉండాలి. ట్యాంకులు నింపి ఉంచాలి, నీళ్ళ ట్యాంకరు ఒకటి కేటాయించాలి. టెక్నీషియన్లు, నర్సులు తుపాను ముందురోజే వచ్చి అక్కడే బస చేసేలా వాళ్ళకి భోజనం, పడక ఏర్పాటు చెయ్యాలి. వాళ్ళకీ ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు, ఆ రాత్రి వాళ్ళ ఇళ్ళ బాగోగులు చూసేవాళ్ళుంటేనే వాళ్ళు నిశ్చింతగా పనిచెయ్యగలరు. అలర్ట్ వచ్చిన 48 గంటల్లో రాత్రీపగలూ షిఫ్టులు నడిపితే, మధ్యలో శుభ్రం చేసే సమయం పోను కూడా, ఒక్కో మెషీను మీద రోజుకి నలుగురు చొప్పున ఎనిమిది మందికి చెయ్యొచ్చు. గాలి మొదలయ్యేలోగా అందరూ ఒకసారి మెషీను ఎక్కి దిగితే, దారులు మూసుకుపోయిన ఆ రెండు మూడు రోజులు ఇంట్లో నెట్టుకురావచ్చు. షెల్టర్లలో వంట చేసేవాళ్ళకి ఒక మాట చెబితే, ఉప్పు, చింతపండు లేని తెల్లన్నం కొన్ని పొట్లాలు విడిగా కట్టి ఉంచుతారు. దానికి ఖర్చేమీ లేదు.

సంపాదకుల వారూ, తుపాను జాగ్రత్తలు వేసే పేజీలో నాలుగో వంతు చాలు. డయాలసిస్ షిఫ్టు ముందుకి మార్చుకోండి, రిపోర్టులు వెంట ఉంచుకోండి, కొబ్బరి నీళ్ళు, అరటిపళ్ళు, పులిహోర వద్దు, నీళ్ళు కొలిచి తాగండి, ఫిస్టులా చెయ్యి జాగ్రత్త, నొప్పుల బిళ్ళలు వద్దు. జిల్లా కంట్రోల్ రూము 1077, అంబులెన్సు 108 నంబర్లు కింద పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఒక నెఫ్రాలజీ (కిడ్నీ) డాక్టరు గారి చేత చూపించి, తప్పులుంటే దిద్ది వెయ్యండి. అల్పపీడనం పుట్టాక కాకుండా ఈ నెలలోనే వెయ్యండి. ఆ రోజు పేపరు నేను మామూలు కంటే ఎక్కువ కాపీలు తెప్పించి, మా వీధిలో డయాలసిస్ ఇళ్ళన్నిటికీ స్వయంగా ఇచ్చొస్తాను.

ఇట్లు,
ఒక డయాలసిస్ రోగి భార్య,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి.)